కొయ్యదిమ్మపై కర్షకుని సంవత్సరము



చిత్రములను గూర్చి రేడియోలో ప్రసంగించుట కొంత సాహసమే. కంటికి చూపవలసిన దానిని చెవికి వినిపింపవలసి వచ్చును. అయినను నేడు నేను చెప్పబోవు చిత్రములలోని వస్తువు మీకు క్రొత్తది కాదు. దుక్కి, విత్తు, కోత, నూర్పిడి, గొఱ్ఱెలమంద, పశువుల సంత, ఇవియే వానిలోని విషయములు. దేశము మాత్రము ఇంగ్లండు. కాలము 1930వ సంవత్సరమునకు కొంచెము ఇటు నటు. వానిని చేసినది ఒక స్త్రీ. ఆమె పేరు క్లేర్ లేటన్. ఈ చిత్రములకై ఆమె కుంచె పట్టలేదు. అరచేతిలో ఇముడు ఉక్కుమొనతో గట్టి కొయ్యదిమ్మపై గీతలు చెక్కి, ఆ దిమ్మకు నల్లసిరా పూసి, కాగితముపై అచ్చొత్తెను. సేద్యగాడు ఏటేట చేయుచునే యుండు పనిని కొయ్యపై ఇంత శ్రమపడి నిలుపనేల? దానివలన నెవరికి ప్రయోజనము? ఈ ప్రశ్నకు నాకు తోచిన సమాధానమును మీ ముందుంచెదను. అందులకు ముందుగా కొయ్య సంగతి చెప్పవలెను.

మచిలీపట్టణ ప్రాంతమున బట్టలపై అద్దకము వేయు కొయ్య అచ్చులను మీలో పెక్కురు చూచియే యుందురు. టేకుచెక్కపై పూవును తీగెను మిగిల్చి, చుట్టునున్న కొయ్యను తొలచివేయుదురు. మిగిలిన మిట్టకు రంగంటును, పల్లమునకు అంటదు. అచ్చు నొత్తినపుడు మిట్ట మాత్రమే బట్టపై పడును. కొయ్యచిత్రమునకును ఇదియే మూలసూత్రము. భేద మెక్కడ ననగా, కొయ్యను కోయు తీరులో నున్నది.

చెట్టు మానును నిలువున కోసి పలక తీసినచో దానిపై చార యొకవైపునకే సాగుచుండును. చార వెంట కత్తి సులువుగా పోవును. చారకు అడ్డముగా పోయినచో పేడు లేచును. అందుచేత పలకపై మిక్కిలి సన్నని గీతలు నిలువవు. అదే మానును, వంటచెఱకు మొద్దును కోసినట్లు, అడ్డముగా కోసినచో పైకి వలయములు కనబడును. ఆ ముఖమున చార యొకవైపునకు సాగదు. మొనను ఏ దిక్కునకు నడపినను ఒకేతీరున పోవును. వెండ్రుకవంటి గీతయు నిలుచును. ఇట్లు అడ్డకోతపై చెక్కుటకు ఐరోపావారు బాక్సు అను చెట్టును శ్రేష్ఠముగా నెంచిరి. అది బహు మెల్లగా పెరుగును. మాను సన్ననిది, కొయ్య దంతమువలె నునుపైనది. మాను సన్ననిదగుటచే దిమ్మయు చిన్నదే. పెద్ద చిత్రము కావలసినచో చిన్నముక్కలను అతుకు తెలియకుండ జోడింపవలెను.

ఈ విద్యను మహోన్నతస్థితికి తెచ్చినవాడు ఉత్తర ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణములో పనిచేసిన తామస్ బ్యూయిక్. ఆయన 1753లో జన్మించి 1828లో మరణించెను. 1790లో చతుష్పాద జంతువులను గూర్చియు, 1797, 1804 సంవత్సరములలో రెండు సంపుటములుగా బ్రిటిషు పక్షులను గూర్చియు ఆయన వెలువరించిన గ్రంథములలోని బొమ్మలు ఇట్టివే. ఈ దిమ్మలు ఎంత గట్టివనగా, తాను చెక్కిన యొక దిమ్మ తొమ్మిది లక్షలకు పైగా ముద్రలు వేసెనని ఆయన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. వేరొక సౌకర్యము కూడ కలదు. దిమ్మ యెత్తును సీసపు అక్షరముల యెత్తునకు సరిగా, అనగా అంగుళమునకు కొంచెము తక్కువగా, చేయుదురు. కావున అక్షరములను బొమ్మను ఒకే చట్రములో బిగించి ఒక్కమారే అచ్చువేయవచ్చును.

పందొమ్మిదవ శతాబ్దమున పత్రికల వారికి ఈ సౌకర్యమే కావలసియుండెను. 1842లో లండనులో బొమ్మల వారపత్రిక బయలుదేరిన పిదప వందలకొలది పనివాండ్రు దిమ్మలు చెక్కుటతోనే జీవించిరి. అయితే బొమ్మ గీయువాడొకడు, చెక్కువాడు మరియొకడు. చెక్కువానికి తన భావమను మాటయే లేదు. పరుల గీతను తప్పకుండ అనుసరించుటయే అతని ధర్మము. తరువాత ఛాయాచిత్రము సాయముతో లోహపుదిమ్మలు చేయు పద్ధతి వచ్చినది. పనివాండ్ర జీవనము పోయినది. ఒక వృత్తిగా కొయ్యచెక్కడము అంతరించినది.

అంతరించిన వృత్తిని కళాకారులు మరల చేపట్టిరి. గీచిన చేయియే చెక్కవలెనని లండనులోని సెంట్రల్ స్కూలులో నోయెల్ రూక్ బోధించెను. 1920లో కొయ్యచిత్రకారుల సంఘమొకటి లండనులో ఏర్పడెను. దాని స్థాపకులలో నొకతె గ్వెన్ రావెరా. జీవపరిణామ సిద్ధాంతమును ప్రతిపాదించిన చార్లెస్ డార్విన్‌కు ఆమె మనుమరాలు. క్లేర్ లేటన్ నోయెల్ రూక్ వద్దనే ఈ పని నేర్చుకొనెను.

ఆ పని యెట్లు జరుగునో వినుడు. ఇసుక నింపిన చిన్న తోలుసంచి మీద దిమ్మను పెట్టుకొందురు. పనిముట్టు పిడి పుట్టగొడుగువలె గుండ్రముగా నుండి అరచేతిలో కూర్చుండును. మొనను ముందునకు త్రోయుదురు. అది నాగలి కఱ్ఱువలె చాలు తీయుచు పోవును. వంపు తీయవలసినపుడు మొనను త్రిప్పరు, సంచిపైనున్న దిమ్మనే ఎడమచేతితో త్రిప్పుదురు. సేద్యగాడు పొలమును త్రిప్పలేడు గాని చెక్కువాడు తన పొలమును త్రిప్పుకొనగలడు.

ఇందులో ముఖ్యముగా గ్రహింపవలసిన దొకటి కలదు. కాగితముపై మనము వ్రాయునపుడు తెల్లని దానిపై నల్లని గీత పెట్టుదుము. ఇచ్చట అంతయు తలక్రిందులు. ఏమియు చెక్కని దిమ్మకు సిరా పూసి అచ్చొత్తినచో నల్లని చతురస్రము వచ్చును. మొన తగిలినచోటు తెలుపు. కావున చిత్రకారుడు చీకటితో ప్రారంభించి, ఒక్కొక్క చాలుగా వెలుతురును తీసికొనివచ్చును. ఒక్క గీత తప్పినచో తుడిచివేయుటకు వీలులేదు. ఆచోట రంధ్రము చేసి, క్రొత్త కొయ్యమేకు దిగగొట్టి, నునుపు చేసి, మరల చెక్కవలెను. అదియు కాక దిమ్మపై కుడిచేయి కాగితముపై ఎడమచేయి యగును. ఇన్ని నిర్బంధములలో చేయుపని గనుక ప్రతి గీతయు ఆలోచించి పెట్టినదై యుండును.

ఇక ఆమె చరిత్రము. క్లేర్ లేటన్ 1898లో లండనులో జన్మించెను. తల్లిదండ్రు లిరువురును కథారచయితలు. ఆమె అన్న రోలండు కవి. మొదటి ప్రపంచయుద్ధమున సైన్యములో చేరి, 1915 డిసెంబరు 23వ తేదీన ఫ్రాన్సుదేశమున గాయములచే మరణించెను. అప్పటికాతని వయస్సు ఇరువది యేండ్లు. అతనిని వివాహమాడవలసియుండిన వీరా బ్రిటన్ తరువాత ఆ దుఃఖకథను గ్రంథముగా వ్రాసి ప్రసిద్ధిగాంచినది. చెల్లెలు మాత్రము ఉక్కుమొన చేతబట్టినది. 1929లో తామస్ హార్డీ నవలకును, 1931లో ఎమిలీ బ్రాంటీ నవలకును ఆమె బొమ్మలు చెక్కెను. రెండును బీడుభూములు, గాలి, పొదలు నిండిన కథలు. 1931లోనే కెనడా అడవులలో మంచులో మానులు కొట్టు కూలీల బ్రతుకును ఒక వరుసగా చిత్రించెను. మంచును చూపుటకు కొయ్యను విస్తారముగా తొలగింపవలెను; మానులను మనుష్యులను నల్లగా మిగుల్చవలెను. 1932లో ఈ విద్యను నేర్వగోరువారికై ఒక పుస్తకము కూడ వ్రాసెను.

ఆమె కీర్తికి ముఖ్యకారణము 1933లో వెలువడిన 'కర్షకుని సంవత్సరము' అను గ్రంథము. నెలకొక వ్యాసము, నెలకొక పెద్ద చిత్రము, రెండును ఆమెవే. జనవరిలో గొఱ్ఱెలు ఈనుట, ఫిబ్రవరిలో చెట్లకొమ్మలు నఱకుట, మార్చిలో నూర్పిడి, ఏప్రిలులో విత్తుట, మేలో ఉన్ని కత్తిరించుట, జూనులో గడ్డికోత, జూలైలో పల్లెవారి పెరటితోటలు, ఆగస్టులో పంటకోత, సెప్టెంబరులో ఆపిలుపండ్లు కోయుట, అక్టోబరులో వానిరసముతో సైడరను పానీయము చేయుట, నవంబరులో దుక్కి, డిసెంబరులో బలిసిన పశువుల సంత.

ఈ క్రమము మనకు కొంత వింతగా తోచును. మనకు వాన యజమాని. వారికి చలి యజమాని. ఇంగ్లండులో జనవరి ఆరంభమున పగలు ఇంచుమించు ఎనిమిది గంటలే. అట్టి చలిలో గొఱ్ఱెలు ఈనును. కాపరి మందచుట్టు తడికెలు కట్టి, గడ్డి పరచి, చక్రములు గల చిన్న గుడిసెను మంద దాపునకు లాగుకొనివచ్చి, అందులో రాత్రులు గడపెడివాడు. తల్లిలేని పిల్లను వేరొక గొఱ్ఱె చేరనీయనిచో, ఆ గొఱ్ఱెకు పుట్టి చనిపోయిన పిల్ల చర్మమును దీనికి తొడుగుట అచ్చటి కాపరుల ఉపాయము. వాసన చూచి తన బిడ్డయే యనుకొని అది పాలిచ్చును. జూనులో కోసి ఎండబెట్టిన గడ్డియే శీతకాలమున పశువులకు ప్రాణాధారము. అందుచే ఆ నెలలో నాలుగునాళ్లు వాన కురిసినచో, మన రైతు వానరాక యెంత చింతించునో, వారు వానవచ్చి అంత చింతింతురు.

నవంబరు దుక్కిని గూర్చి యొక లెక్క చెప్పెదను. రెండు గుఱ్ఱములు పూన్చిన నాగలితో దినమునకు ఒక ఎకరము దున్నుట వారి వాడుక. చాలు వెడల్పు 9 అంగుళములైనచో ఒక ఎకరము దున్నుటకు 11 మైళ్లు నడువవలెను. బురద పట్టిన బరువు బూట్లతో ఆ నడక. ఈ నడకను చూచిన కన్నులతో ఆమె దిమ్మను చెక్కెను. దుక్కిచాళ్లను చూపుటకు కొయ్యలో నిజముగానే చాళ్లు తీయవలసి వచ్చును. పనికిని పనిముట్టునకును ఇట్టి సామ్యము రంగుల చిత్రమున దొరకదు.

ఆమె చెక్కిన మనుష్యులు ఎట్లుందురు? వీపులు గుండ్రముగా, చేతులు పెద్దవిగా, దేహములు బరువుగా నుండును. ముఖములకంటె భుజములకే ఆమె ప్రాధాన్యమిచ్చినది. వంగిన వీపు వంపును, గుట్టవంపును, గడ్డివామి వంపును ఒకే చేతి త్రిప్పుతో తీసినట్లు తోచును. మనుష్యుడు భూమిపై నిలువబడినట్లు గాక, భూమినుండియే లేచినట్లుండును.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. 1921 తరువాత ఇంగ్లండులో ధాన్యపు ధరలు పడిపోయి రైతులు కష్టములపాలైరి. కూలి తక్కువ, యువకులు పల్లెలు విడిచి పట్టణములకు పోవుచుండిరి. అట్టి కాలమున ఇట్టి నిండైన దేహములను, సొగసైన పొలములను చెక్కుట పట్టణవాసులను సంతోషపెట్టుటకే కాదా? ఆకలిని కప్పిపుచ్చుట కాదా? ఈ ఆక్షేపణను నేను తేలికగా త్రోసివేయను. ఆమె చిత్రములలో జప్తు నోటీసు లేదు, ఖాళీ కుండ లేదు. కాని నేను వేరొకటి కూడ చూచుచున్నాను. పూర్వము ధనికుల యిండ్లలో వ్రేలాడదీయు ప్రకృతి చిత్రములలో సేద్యగాడు తరచుగా చెట్టు క్రింద చుక్కవంటివాడు, దృశ్యమునకు అలంకారము. ఈమె దిమ్మపై అతడే దృశ్యము. అతని పని యేది, దానిలో బరువెక్కడ పడును, నడుము ఎచ్చట వంగును, చేయి ఎచ్చట పట్టును, ఇవి తెలియనివారు ఆ బొమ్మను చెక్కలేరు. జాలిపడుట వేరు, గౌరవించుట వేరు. ఆమె జాలిని చెక్కలేదు, నేర్పును చెక్కినది. అది సంపూర్ణసత్యము కాకపోవచ్చును గాని అసత్యము కాదు.

ఆమె సహచరుడు హెన్రీ నోయెల్ బ్రెయిల్స్‌ఫర్డు అను పత్రికారచయిత. ఈ పేరు మనము తెలిసికొనదగినది. 1930లో ఉప్పుసత్యాగ్రహకాలమున ఆయన మన దేశమునకు వచ్చి, పల్లెలను చూచి, 1931లో 'తిరుగబడిన ఇండియా' అని అర్థమిచ్చు పేరుతో ఒక గ్రంథము ప్రకటించెను. 1943లో 'అధీన ఇండియా' అను అర్థముగల మరియొకటి వ్రాసెను. రెండును మన స్వాతంత్ర్యమును సమర్థించునవే. వీరిరువురు లండనుకు వాయవ్యమున చిల్టర్ను కొండలలో, సుద్దనేలపై, ఒక ఇల్లును తోటను ఏర్పరచుకొనిరి. ఆ తోటను గూర్చి 1935లో ఆమె 'నాలుగు కంచెలు' అను గ్రంథము వ్రాసి, ఎనుబదికి పైగా చిత్రములు దానికి చెక్కెను. పక్షిగూడు, విత్తనపుకాయ, కలుపుమొక్క, కొడవలి, ఇవన్నియు అందులో సమానగౌరవము పొందినవి. సుద్దనేలలో మొక్క బ్రతికించుట సులభము కాదు. ఒకే నేలను ఋతువు ఋతువునకు చూచి వ్రాసిన పుస్తకమది.

1937లో వచ్చిన మరొక గ్రంథములో పల్లెవృత్తులను చిత్రించెను. వానిలో కుర్చీకాళ్లు తరిమెన పట్టువారి కథ నాకు మిక్కిలి ప్రియమైనది. చిల్టర్ను కొండల బీచి అడవులలో వీరు గుడిసెలు వేసికొని, చెట్టునరికి, పచ్చి కొయ్యను చీల్చి, అచ్చటనే తరిమెన పట్టెడివారు. ఒక పొడుగాటి పచ్చికఱ్ఱ కొనకు త్రాడు కట్టి, ఆ త్రాడును కొయ్యకు చుట్టి, క్రిందనున్న పలకను కాలితో తొక్కుదురు. తొక్కినపుడు కొయ్య తిరుగును. కాలు తీసినపుడు కఱ్ఱ పైకెగసి త్రాడును వెనుకకు లాగుకొనును. ఇట్లు చేసిన కాళ్లను వికం పట్టణములోని కుర్చీల కర్మాగారములకు అమ్మెడివారు. ఆమె చూచునాటికే వారు కొలదిమంది. తరువాతి యిరువది ముప్పది సంవత్సరములలో ఆ వృత్తి జీవనాధారముగా నిలువకపోయినది.

1939లో ఆమె అమెరికాకు వెడలిపోయి, 1945లో అచ్చటి పౌరసత్వమును పొందెను. దక్షిణరాష్ట్రములలో నివసించి, పత్తి తీయు కూలీలను, పొగాకు సాగును చెక్కి 1942లో 'దక్షిణపు పంట' అను గ్రంథము ప్రకటించెను. గుంటూరు మండలపు రైతులు పండించు వర్జీనియా పొగాకు ఆ ప్రాంతము నుండి వచ్చినదే కదా! ఆమె 1989లో మరణించెను. మొత్తము ఎనిమిది వందలకు పైగా దిమ్మలు చెక్కెనని లెక్క.

మొదట వేసిన ప్రశ్నకు ఇపుడు వత్తును. దీనివలన ఎవరికి ప్రయోజనము?

ఆమె మార్చినెలకు ఎన్నుకొన్న నూర్పిడినే తీసికొందము. 1933 నాటికి ఇంగ్లండులో నూర్పిడి యనగా యంత్రపు నూర్పిడియే. ఆవిరియంత్రము నూర్పిడిపెట్టెను లాగుకొని ఊరూర తిరిగెడిది. అది వచ్చిననాడు ఇరుగుపొరుగు కూలీలందరు గుమిగూడెడివారు. ఆ పొగ, ఆ దుమ్ము, ఆ రొద పల్లెవారికి పాతస్నేహితుల వంటివి. కాని దానికి నూరేండ్ల ముందు, 1830లో, అదే దేశపు కూలీలు నూర్పిడియంత్రములను గొడ్డళ్లతో సుత్తెలతో పగులగొట్టిరి. చేతికఱ్ఱలతో కొట్టి నూర్చుటయే వారి శీతకాలపు కూలి. యంత్రము దానిని తీసివేసినది. ఆ అల్లరులకు సంబంధించిన నేరములకై పందొమ్మిదిమంది ఉరి తీయబడిరి. వందలకొలది ద్వీపాంతరము పంపబడిరి. తాతలు పగులగొట్టిన యంత్రమే మనుమలకు పల్లెజీవనములో భాగమైనది. రెండవ ప్రపంచయుద్ధకాలమున ట్రాక్టరులు శీఘ్రముగా పెరిగినవి. ఆ తరువాత కోతయు నూర్పిడియు ఒక్కమారే చేయు యంత్రము వచ్చి, ఆవిరి నూర్పిడిపెట్టెను కూడ సాగనంపినది. గుఱ్ఱపు నాగలి పోయినది. కంచెల వెంట పెరిగిన ఎల్ము చెట్లకు 1960ల చివర నుండి తెగులు సోకి రెండు కోట్లకు పైగా చచ్చినవి. ఆమె చెక్కిన పొలములు ఉన్నచోటనే యున్నవి గాని ఆ రూపము లేదు.

కావున ఆ చిత్రములను చూచి 'పూర్వమంతయు మంచిది, ఇప్పటిదంతయు చెడ్డది' యనుట తగదు. ఏది పూర్వము? కఱ్ఱనూర్పిడియా, ఆవిరినూర్పిడియా? ఒక తరమునకు విరోధియైనది మరియొక తరమునకు జ్ఞాపకమగుచున్నది. మారక నిలుచునది పనిముట్టు కాదు. పనిముట్టు ఏదైనను దానిని వశపరచుకొనిన చేతినేర్పు నిజమైనది. అది నేర్చినవానితో పోవును. కాపరి పిల్లకు చర్మము తొడిగిన మెలకువను, తరిమెనవాని కాలి లయను ఏ దస్తావేజు రిజిస్టరు చేయదు. పని చేయువానికి దానిని వ్రాయు తీరిక లేదు. తీరిక గలవానికి దానిని చూచు కన్ను లేదు. ఈ రెంటికి నడుమ ఒక స్త్రీ నిలిచి, చూచి, తెలిసికొని, చెక్కినది. దానివలన ఆ దున్నువానికి ఒక్క కాసు కూలి పెరిగియుండదు. అయితే అతని మనుమడు పుస్తకము తెఱచి, తన తాత ఏమి చేసెడివాడో, ఎంత బాగుగా చేసెడివాడో తెలిసికొనగలడు. ప్రయోజనము అదియని నా అభిప్రాయము.